పనసచెక్క పీట

ఒక ఊళ్లో గంటలు పోతపోసే కంపెనీ ఒకటి ఉండేది. ఎద్దుల మెడకు కట్టే చిన్న గంటల దగ్గర్నుంచి బడిగంటల దాకా అక్కడ తయారయ్యేవి. ఆ కంపెనీలో మధ్యాహ్నం అన్నాల వేళ కొందరు పీటల మీద కూచునేవాళ్లు. మిగిలినవాళ్లు కటికనేల మీద కూచునేవాళ్లు.

పీటకు ఒక నియమం ఉండేది. కంపెనీలో ఇంకెవరికీ తెలియని పని ఎవరికి తెలుసో వాళ్లకి పీట. ఆ పని రెండో మనిషికి కూడా తెలిసిపోయిందా, పీట అటకెక్కేది. మొదటివాడికీ ఉండదు, రెండోవాడికీ రాదు. ఇద్దరికి తెలిసినదాంట్లో గొప్పేముంది, అని లెక్క.

ఈ నియమం పెట్టింది యజమాని తాతగారు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆయన ఉద్దేశం మంచిదే. అంత పనితనం ఉన్నవాళ్లు నేలమీద కూచుని తింటుంటే ఆయనకు మనసొప్పలేదు. నాలుగు పీటలు చేయించి, నలుగురు పనివాళ్లను వాటిమీద కూచోబెట్టి, తనే వంగి వడ్డించాడు. ఆ నలుగురూ అన్నం కలపలేక కళ్లు తుడుచుకున్నారట.

తాతగారి నాడు నాలుగున్న పీటలు మనవడి నాటికి పందొమ్మిది అయ్యాయి. కంపెనీలో పనితనం అంతగా పెరిగిందని మనవడు పొంగిపోయేవాడు. పెరిగింది పనితనం కాదు, గుట్టు. సామాన్ల గది తాళం ఎటు తిప్పి ఎక్కడ కాస్త పైకెత్తితే ఊడివస్తుందో ఒకతనికే తెలుసు. అతనికొక పీట. పాత నమూనాలు ఏ మూటలో ఏవున్నాయో ఒకామెకే తెలుసు. మూటలమీద పేర్లు రాద్దామంటే ఆమె మూడురోజులు అన్నం మానేసింది. కొలిమి తిత్తి చిరిగితే వేసే కుట్టు ఇంకొకతనికే తెలుసు కాబట్టి, అతను జ్వరమొచ్చి పడుకుంటే కంపెనీ అంతా అతని జ్వరం తగ్గాలని మొక్కుకుంటూ గోళ్లు గిల్లుకునేది.

పందొమ్మిదింటిలోకి పాతది, కూచుని కూచుని నున్నబడింది, పనసచెక్క పీట. అది కరుగు మేస్త్రీది.

రాగీ తగరమూ మూస అనే కొలిమి కుండలో కరిగి కంచు అవుతాయి. ఆ కరుగును అచ్చులోకి ఎప్పుడు వంచాలన్నదాంట్లోనే గంట ప్రాణమంతా ఉంది. కాస్త ముందైతే గంట మొద్దుగా పలుకుతుంది. కాస్త ఆలస్యమైతే లోపల తొర్రలు పడుతుంది. సరైన వేళ మనిషి ఏడెనిమిదిసార్లు ఊపిరి తీసుకునేంతసేపే ఉంటుంది. మేస్త్రీ పచ్చి వేపకర్రతో కరుగును కలుపుతూ, దాని పైపొర ఎలా కదులుతోందో చూస్తూ నిలబడి, ఆ వేళ రాగానే, "పొయ్యండి!" అనేవాడు. మూసను పట్టుకున్న ఆరుగురూ దాన్ని వంచేవాళ్లు.

కలిపేటప్పుడు అతను అందరికీ వీపు పెట్టేవాడు. భుజాలు విరుచుకుని మూసకు అడ్డంగా నిలబడేవాడు.

అతనికీ ఎవరూ నేర్పలేదు. అతని ముందరి మేస్త్రీ వీపు చూపించీ చూపించీ ఒకరోజు హఠాత్తుగా కన్నుమూశాడు. తర్వాత మూడేళ్లు కంపెనీ మొద్దుగంటలే పోసింది. ఆ మూడేళ్లూ బొగ్గులు మోసే ఇతను ఎవరూ లేనప్పుడు కరుగు దగ్గర నిలబడి, రెండుసార్లు చెయ్యి కాల్చుకుని, తనంతట తనే ఆ వేళను పట్టుకున్నాడు. కుడిచేతి వేళ్లు రెండు అప్పటినుంచీ వంగవు. భార్య పోయింది, పిల్లలు లేరు. ఆ పీట తప్ప అతనికి చెప్పుకోదగ్గది ఇంకొకటి లేదు.

అతని వెనక పది అడుగుల దూరంలో మట్టిగుంట ఉండేది. అచ్చులకు కావలసిన మట్టిలో పేడా ఊకా కలిపి ఒకామె పొద్దస్తమానం తొక్కుతుండేది. మట్టి తొక్కడం ఎవరికైనా వస్తుంది కాబట్టి ఆమెకు పీట లేదు. ఆమెకు కనపడేదల్లా మేస్త్రీ వీపు. కరుగు ఏనాడూ కనపడలేదు.

కానీ వినపడేది. కరుగులో పెట్టగానే పచ్చికర్ర సుయ్యిమని గోల చేసేది. కాసేపటికి ఆ గోల గుసగుసలోకి దిగేది. ఆ తర్వాత ఉన్నట్టుండి ఆగిపోయేది. అది ఆగాక ఆమె మట్టిలో ఏడు తొక్కులు తొక్కేసరికి మేస్త్రీ "పొయ్యండి!" అనేవాడు. మొదట్లో ఊసుపోక లెక్కపెట్టింది. రెండేళ్లు గడిచేసరికి లెక్క అక్కర్లేకపోయింది. ఆ మాట పడే వేళకి ఆమె కాళ్లు వాటంతటవే ఆగేవి. పదకొండేళ్లలో ఒక్కసారీ తప్పలేదు.

ఆమె ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్తే తనకొచ్చేదేమీ లేదు, ఆయన పీట మాత్రం అటకెక్కుతుంది.

ఒక ఎండాకాలం మేస్త్రీ ఒళ్లు కాలిపోతున్న జ్వరంతో పనికొచ్చాడు. రాకపోతే ఇంకెవరైనా కర్ర పట్టుకుంటారేమోనని అతని భయం. మూసముందు నిలబడ్డాడు గానీ కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. కర్ర చప్పుడు ఆగిపోయింది. అతనికి తెలియలేదు. వెనక మట్టిగుంటలో ఏడు తొక్కులు పడ్డాయి. తర్వాత కాళ్లు ఆగిపోయాయి.

ఏళ్ల తరబడి వీపువెనక వినిపిస్తున్న చప్పుడు అలా ఆగేసరికి అతను ఉలిక్కిపడి, "పొయ్యండి!" అని అరిచాడు. ఆ గంట ఆ ఏడాది పోసినవాటన్నిటిలోకి చక్కగా పలికింది.

మేస్త్రీ మెల్లగా వెనక్కి తిరిగి చూశాడు. ఆమె కాళ్లు మట్టిలో కదలకుండా ఉన్నాయి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆమె తలదించుకుని మళ్లీ తొక్కడం మొదలుపెట్టింది. అప్పుడు ఇద్దరిలో ఎవరో ఒకరు నవ్వి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

మర్నాడు మేస్త్రీ యజమాని దగ్గరికి వెళ్లాడు.

"ఊక ఎగిరొచ్చి కరుగులో పడుతోందండీ. మట్టిగుంటను వెనకవైపుకి మార్పించండి," అన్నాడు.

గోడ అవతల కొత్త గుంట తవ్వారు. పదకొండేళ్లు తొక్కిన పాత గుంటను ఆమె తన చేతులతోనే పూడ్చి, తట్ట నెత్తిన పెట్టుకుని గోడ అవతలికి వెళ్లింది. అక్కడికి కర్ర చప్పుడు వినపడదు. ఆమె మనసులో ఒక ముల్లు దిగింది, అది అక్కడే ఉండిపోయింది.

ఆ ఏడు చలికాలం దాటాక సముద్రపుటొడ్డు నుంచి ఒక ముసలామె, ఆమెతో ఇద్దరు మగవాళ్లు బండి కట్టుకుని వచ్చారు. ముసలామె అలిసిపోయి అరుగుమీద కూలబడింది. మట్టి తొక్కే ఆమె చేతులు కడుక్కుని చెంబుతో మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

"మాకో గంట కావాల బాబూ. పెద్దది," అంది ముసలామె యజమానితో.

"ఎంత పెద్దది?"

"నీళ్లలో మూడో ఇసకదిబ్బ దాకా ఇనపడాల. మంచు కమ్మితే పడవలోళ్లకి ఒడ్డు ఏ పక్కనుందో తెలీదు. మొన్న చలికాలం తొమ్మిదిమంది ఎల్లినోళ్లు ఎల్లినట్టే ఉన్నారు. మా పెద్దోడు అందులోనే ఉన్నాడు."

"ఇప్పుడు పడవలు వెళ్లడం మానేశారా మరి?"

"మానేస్తే ఏటి తింతాం బాబూ? మా సిన్నోడు కూడా ఎల్తన్నాడు. అందుకే వొచ్చినాను."

యజమాని మంచివాడు. అప్పటికప్పుడు పని మొదలుపెట్టించాడు. గంట తయారయ్యేదాకా ముసలామె అరుగుమీదే మకాం వేసింది. అయితే అంత గంటకు ఒక మూస చాలదు. అచ్చు దింపిన గోతికి ఆ పక్కొకటి, ఈ పక్కొకటి రెండు కొలిములు పెట్టి, రెండు మూసల్లో ఒకేసారి కరిగించి, రెండూ ఒకేసారి వంచాలి. వాటి మధ్య ఇరవై అడుగుల దూరం. వేళ చూస్తే ఏడెనిమిది ఊపిర్లంత.

మేస్త్రీ ఆ మూస దగ్గర్నుంచి ఈ మూస దగ్గరికి పరిగెత్తాడు. ఈ మూస దగ్గర్నుంచి ఆ మూస దగ్గరికి పరిగెత్తాడు. ఒకటి వేళకి పడింది, రెండోది చల్లారి పడింది. అచ్చు పగలగొట్టి చూస్తే గంట నడుముచుట్టూ సన్నటి గీత. రెండు కరుగులూ ఒకదాన్నొకటి ముట్టుకున్నాయే తప్ప కలవలేదు. ముసలామె సుత్తి తీసుకుని తనే కొట్టింది. కుండ మోగినట్టు మోగి, గీత వెంబడే పగిలింది.

కొత్త అచ్చు చేసి ఆరబెట్టి రెండోసారి పోశారు. ఈసారి మేస్త్రీ పరిగెత్తుతూ పడిపోయాడు. గంట మళ్లీ పగిలింది.

యజమాని పనివాళ్లందరినీ ముంగిట్లోకి పిలిపించాడు.

"రెండో మూస దగ్గర నిలబడ్డానికి కరుగు చూడటం తెలిసిన మనిషి ఇంకొకరు కావాలి. మీలో ఎవరికైనా వచ్చా? వస్తే ఇప్పుడే చెప్పండి," అన్నాడు.

 మేస్త్రీ మోకాలు పట్టుకుని నేలమీద కూచున్నాడు. అతని చూపు జనంలోంచి వెతుక్కుంటూ వెళ్లి మట్టి తొక్కే ఆమె మీద ఆగింది. చెప్పమనా, చెప్పొద్దనా, ఆ చూపును బట్టి ఆమెకు తెలియలేదు. అతనికి మాత్రం తెలుసో లేదో.

ఆమె వసారాలో గోడకి ఆనించి ఉన్న పనసచెక్క పీటను చూసింది. ముసలి మనిషి, దాన్ని కూడా తీసేసుకుంటే ఏమైపోతాడు అనుకుంది. దాన్ని జాలి అని తనకు తాను చెప్పుకుంది. జాలి ఉన్నమాట నిజమే. దానికింద ముల్లు కూడా ఉంది. నన్ను గోడ అవతలికి తోసింది నువ్వు, నువ్వే పిలువు అని అది అంటోంది. ముసలామెకు ఆ పూట మంచినీళ్లిచ్చిన చెంబు ఆమె చేతిలోనే ఉంది. చెంబు పట్టుకుని అలాగే నిలబడింది.

"నేర్పితే వచ్చేది కాదండీ ఇది," అన్నాడు మేస్త్రీ చివరికి, నేలకేసి చూస్తూ.

నియమం ఎత్తేస్తే సరిపోయేది. ఆ ఆలోచన యజమానికి రాలేదని కాదు, వచ్చింది. అటకకేసి చూశాడు. గోడమీద తాతగారి పటంకేసి చూశాడు. ఊరుకున్నాడు.

ఒక్క మూసలో ఎంత కంచు పడుతుందో అంతలో ఒక గంట పోసి ముసలామెకు ఇచ్చారు. "రెండో మూస చూసే మనిషి లేడు. మా దగ్గర కుదిరినంతలో ఇదే పెద్దది," అన్నారు. ఆమె దాన్ని బండిలో పెట్టించుకుని, చెయ్యి దానిమీద వేసి కూచుని వెళ్లిపోయింది.

యజమానికి చాలా బాధ కలిగింది. బాధ కలిగినప్పుడు ఆయన ఒక పుస్తకం కొనేవాడు. ఈసారి ఎర్రగుడ్డ అట్ట వేసిన పెద్ద పుస్తకం కొని, గుమాస్తా చేతికిచ్చాడు.

"ఎవరికి ఏం తెలుసో అంతా రాయించు. మనుషులు పోయినా పని పోకూడదు," అన్నాడు.

గుమాస్తా పందొమ్మిది మంది దగ్గరా కూచుని, ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. అందరూ కాదనకుండా చెప్పారు. అడగనివి కూడా చెప్పారు. అయితే ప్రతివాళ్లూ ఒక్కటి దాచుకున్నారు. తాళం అతను ఎటు తిప్పాలో చెప్పాడు గానీ ఎక్కడ పైకెత్తాలో చెప్పలేదు. మేస్త్రీ రాగి ఎంత, తగరం ఎంత, బొగ్గులు ఎన్ని తట్టలు, అన్నీ వివరంగా చెప్పాడు.

"మరి ఆ వేపకర్ర?" అన్నాడు గుమాస్తా.

"అది పైన తేలిన మసి తియ్యడానికి," అన్నాడు మేస్త్రీ.

గుమాస్తా 'వేపకర్రతో మసి తీయవలెను' అని రాసి కింద గీత గీశాడు. పుస్తకానికి పసుపు రాసి బీరువాలో పెట్టి తాళం వేశారు. మట్టి తొక్కే ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. పీట లేనిదానికి ఏం తెలుస్తుంది?

ఇంకో నాలుగేళ్లు గడిచాయి. మేస్త్రీ కళ్లకు పొరలు కమ్మాయి. కరుగు పైపొర కనపడటం మానేసినా కొన్నాళ్లు అలవాటుమీద నెట్టుకొచ్చి, ఒకరోజు చేతకాక ఇంటి దగ్గరే ఉండిపోయాడు. చూడటానికి వచ్చినవాళ్లంతా మంచం పక్కన కూచుని, పోయేలోపు ఏమైనా చెప్తాడేమోనని చెవులు రిక్కించేవాళ్లు. అది గ్రహించి అతను కళ్లు మూసుకునేవాడు.

మట్టి తొక్కే ఆమె ఒక మధ్యాహ్నం రాగిజావ కాచి తీసుకెళ్లింది. గిన్నె అందిస్తుంటే అతను ఆమె చేతిని తడిమి, ఎండిన మట్టి తగిలి, గుర్తుపట్టాడు.

"ఆ జ్వరం రోజున నీ కాళ్లు నాకంటే ముందు ఆగాయి," అన్నాడు.

"అవునండీ."

"ముంగిట్లో అందరినీ నిలబెట్టి అడిగినప్పుడు నువ్వు చెప్తావనుకున్నాను."

"మీరు పిలుస్తారనుకున్నానండీ."

 బయట ఎవరో ఎద్దుల్ని తోలుకుపోతుంటే మెడగంటలు వినిపించాయి. అవి తాను పోసినవే అని మేస్త్రీ గుర్తుపట్టాడు. జావ చల్లారిపోయింది.

"నువ్వు ఎలా పట్టుకున్నావు?" అని అడిగాడు.

"కర్ర చప్పుడు ఆగాక ఏడు తొక్కులండీ."

అతను ముఖం ఆమెవైపు తిప్పాడు. "చప్పుడా? దానికి చప్పుడు కూడా ఉందా?" అన్నాడు. "నాకు చూడటమే తెలుసు. ముందే తెలిసుంటే... కళ్లు పోయినా ఫర్వాలేకపోయేది కదమ్మాయ్."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ వారమే మేస్త్రీ పోయాడు.

కంపెనీలో బీరువా తెరిచి పుస్తకం తీశారు. గుమాస్తా గట్టిగా చదువుతుంటే పనివాళ్లు అక్షరం పొల్లుపోకుండా చేశారు. వేపకర్రతో మసి తీశారు, మసి పోయిందని కర్ర అవతల పారేశారు. గంటలు మొద్దుగా పలికాయి. ఒక నెలంతా అలాగే పలికాయి.

అప్పుడామె గోడ అవతలినుంచి కాళ్ల మట్టితోనే వచ్చి, కర్ర అందుకుంది. కళ్లు మూసుకుంది. మట్టి లేని నేలమీద ఏడుసార్లు కాళ్లు కదిపి, "పొయ్యండి," అంది. గంట చల్లారాక సుత్తితో కొడితే ఊరి చివరిదాకా వినిపించింది.

యజమాని సంతోషం పట్టలేక పనసచెక్క పీటను తనే కడిగి తెచ్చి వేశాడు. తాతగారిలాగే వంగి వడ్డించాడు. ఆమె కూచుంది. కూచోకూడదని ఆమెకు అనిపించలేదు. పదిహేనేళ్లకు పైగా నేలమీద తిన్న మనిషి, పీట నున్నగా చల్లగా ఉంది. ఎత్తు నాలుగువేళ్లే. ఆ నాలుగువేళ్ల ఎత్తునుంచి చూస్తే నేలమీద కూచున్నవాళ్ల నడినెత్తులు కనపడతాయి. సముద్రపు ముసలామె ఆ రోజుల్లో ఒకటి రెండుసార్లు గుర్తొచ్చింది. రేపో మాపో చూద్దాంలే అనుకుంది. చలికాలం వచ్చింది, వెళ్లింది.

తిత్తి ఊదే అతను ఒకడు చాలాకాలంగా ఆమెను గమనిస్తున్నాడు. ఆమె కర్ర తిప్పుతుంటే తిత్తి ఊదడం కూడా మరిచిపోయి మెడ సాచేవాడు. ఎండలు మొదలైన ఒకరోజు అతను అలా మెడ సాచగానే ఆమె భుజాలు విరుచుకున్నాయి. ఒక అడుగు పక్కకు వేసి, మూసకు అడ్డంగా నిలబడింది.

నిలబడ్డాక గానీ ఆమెకు తెలియలేదు. ఆ వీపును ఆమె బాగా ఎరుగును. పదకొండేళ్లు చూసిన వీపు అది. ఒళ్లంతా సిగ్గుతో ముడుచుకుపోయింది. ఆ పోతను ఎలాగో ముగించి, ఆ మధ్యాహ్నం అన్నం ముట్టకుండా లేచింది.

మర్నాడు ఆమె మూసకు ఒక పక్కగా నిలబడింది.

"ఇలా రా తమ్ముడూ," అని పిలిచింది.

తిత్తి ఊదే అతను వెనక్కి తిరిగి ఇంకెవర్నైనా పిలిచిందేమోనని చూశాడు.

"నిన్నే. ఈ కర్ర పట్టుకో. చూడకు, విను."

"నాకెందుకక్కా, నీ పీట పోతుంది," అన్నాడు భయంభయంగా.

"పోనీ."

నాలుగు పోతల్లో అతనికి పట్టుబడింది. పనసచెక్క పీట అటకెక్కింది. మిగిలిన పద్దెనిమిది మందీ ముఖాలు చూసుకుని, తమ పీటలమీద ఇంకాస్త గట్టిగా కూచున్నారు.

ఆమె యజమానిని అడిగి పెద్ద అచ్చు చేయించింది. మట్టి తనే తొక్కింది. అచ్చు ఆరాక, గోతికి ఆ పక్క అతను, ఈ పక్క ఆమె నిలబడ్డారు. ఒకళ్లనొకళ్లు చూసుకోలేదు, చూసుకోనక్కర్లేదు. ఇద్దరి గొంతులూ ఒకేసారి లేచాయి. "పొయ్యండి!"

అచ్చు పగలగొట్టి గంట నడుముచుట్టూ వేలితో రాసి చూశారు. గీత లేదు.

గంటను బండికెత్తించి ఆమె తనే వెంట బయల్దేరింది. రెండు రోజుల ప్రయాణం. దారి పొడుగునా ముసలామెకు ఏం చెప్పాలో పదే పదే అనుకుంటూ వెళ్లింది.

ఒడ్డున పడవలు ఉన్నాయి గానీ బోర్లించి ఉన్నాయి. వాటి వీపుల కింద ఇసక పేరుకుపోయింది. ఒక పాక ముందు ముసలామె కూచుని ఉంది. పక్కన మేకల దొడ్డి. దొడ్డి గుంజకు, అప్పుడు ఇచ్చిన చిన్న గంట వేలాడుతోంది.

"గంట తెచ్చాం పెద్దమ్మా. పెద్దది," అంది ఆమె.

ముసలామె లేచి వచ్చి బండిలో ఉన్నదాన్ని చూసింది. చుట్టూ తిరిగి చూసింది. చెయ్యి వేసి చూసింది.

"ఇంకెవులికి తల్లీ?" అంది. "ఎల్లేటోళ్లు లేరు. మొన్న చలికాలం దాకా ఎల్లినారు. మంచు దిగింది. ఆ గంట మోగించినాం, చేతులు బొబ్బలెక్కేదాకా మోగించినాం. మొదటి దిబ్బ దాటి ఇనపడదు గదా అది. మా సిన్నోడు రెండో దిబ్బ అవతలున్నాడో, మూడో దిబ్బ అవతలున్నాడో. మిగిలినోళ్లు పడవలు బోర్లించీసి మేకల్ని కొనుక్కున్నారు."

మొన్న చలికాలం. తాను పీటమీద కూచుని ఉన్న చలికాలం. ఆమె బండి చక్రం పట్టుకుని నిలబడింది. 

"తెచ్చినారు గదా. కట్టండి మరి," అంది ముసలామె.

ఊళ్లో నలుగురు మగవాళ్లు వచ్చి, పడవలకు వాడే దుంగలు పాతి గంటను వేలాడదీశారు. ముసలామె తనే తాడు లాగింది. ఆ శబ్దం ఇసకమీదుగా నీళ్లమీదుగా వెళ్లి, మొదటి దిబ్బ దాటి, రెండోది దాటి, మూడో దిబ్బ మీద కూచున్న పక్షుల్ని లేపింది. అవి ఒడ్డున ఉన్నవాళ్లకు చుక్కల్లా కనిపించాయి. 

కాసేపటికి ఇసకమేటల వెనకనుంచి ఒక మేక వచ్చింది. దాని వెనక రెండు, వాటి వెనక ఇంకొన్ని. రోజూ సాయంత్రం దొడ్డి గంట మోగితే ఇంటికి రావడం వాటికి అలవాటు. చిన్న గంట వినపడనంత దూరం మేతకు పోయినవి కూడా, మిట్టమధ్యాహ్నం, ఆయాసపడుతూ పరిగెత్తుకొచ్చి గంట చుట్టూ నిలబడ్డాయి.

"సూసినావా, ఎంత దూరంనుంచి వొచ్చీసినాయో," అంది ముసలామె. ఒక మేకపిల్ల మెడ నిమురుతూ అడిగింది: "అప్పుడు రెండో మనిషి లేడన్నారు గదా. ఇప్పుడెక్కడ దొరికినాడు?"

మట్టి తొక్కే ఆమెకు అబద్ధం చెప్పడానికి ఎన్నో దారులు ఉన్నాయి. తిత్తి ఊదే అతని పేరు చెప్పినా సరిపోయేది, అది అబద్ధం కూడా కాదు.

"అప్పుడూ ఉంది పెద్దమ్మా," అంది. "మీకు మంచినీళ్లిచ్చింది నేనే."

ముసలామె ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత ఆమె చేతులకేసి చూసింది. చాలాసేపు చూసింది.  పొద్దు ఇంకా చాలా ఉందని, మేకల్ని తిరిగి మేతకు తోలడానికి కర్ర తీసుకుని లేచింది.